కత్తెర వేయొచ్చా?

ఎవరేం చెప్పినా, బట్టలు కుట్టే మా మేనత్తది ఒకటే ప్రశ్న: "కత్తెర వేయొచ్చా?" గుడ్డ కత్తిరించే ముందు, కొలత ఖాయమేనా అని ఏ దర్జీ అయినా అడిగే మాటే. కానీ ఆవిడ అందరినీ అడిగేది. ఒకసారి డాక్టరు "మామూలు జ్వరమే" అంటే, "కత్తెర వేయొచ్చా?" అంది. పాపం, ఆయన కంగారుపడి మళ్ళీ థర్మామీటరు పెట్టాడు.

నేను లెక్కల్లో రెండోసారి తప్పాను. మూడోసారీ తప్పితే చదువు మానిపిస్తానని నాన్న తేల్చేశాడు. "పిల్లని నా దగ్గరికి పంపరా" అంది అత్త. ఆరో తరగతితో బడి మానేసిన మనిషి! ఇంటిల్లిపాదీ నోళ్ళు వెళ్ళబెట్టాం.

మర్నాడు ఇంకా ఘోరం. ఎక్కడినుంచో పాత లెక్కల పుస్తకం తెచ్చి, వెనక జవాబుల పేజీలన్నీ కలిపి మిషను మీద టకటకా కుట్టేసింది!

"అత్తా! పుస్తకాన్ని కుట్టేశావేంటి?"

"లెక్క చెయ్యి. ఎలా చేశావో నాకు చెప్పు. అప్పుడు విప్పుతా."

"పోనీ, పది చేశాక ఒకేసారి చూద్దాం."

"పది చొక్కాలు కుట్టాక చూస్తే పదింటికీ చేతులు తిరగబడి ఉంటాయే. ఒకటి కుట్టగానే తొడిగి చూడాలి."

లెక్క అవగానే నా మొహంలోకి చూసి, "కత్తెర వేయొచ్చా?" అనేది. "ఆగత్తా!" అని మొదటినుంచీ చూసుకునేదాన్ని. సగం తప్పులు అక్కడే దొరికేవి. "వెయ్యి" అంటే దారం తెంపి, పుస్తకం తనవైపు తిప్పుకుని, "సరే" అనో "మళ్ళీ చెయ్యి" అనో చెప్పి, తిరిగి కుట్టేసేది. నెలలో ఎన్ని దారపు రీళ్ళు అయిపోయాయో!

ఈ గోలలో లెక్కల మాస్టారొకాయన రోజూ పొద్దున్నే ప్యాంటు పట్టుకొచ్చేవాడు, పొడుగైందని. రోజూ పొడుగయ్యే ప్యాంటు నేనెక్కడా చూడలేదు.

పరీక్ష ముందురోజు అత్త బొత్తాలు కొనడానికి బజారుకెళ్ళింది. నాకు ధైర్యం చాలక, మిగిలిన జవాబులు బట్టీ కొట్టేద్దామని కుట్లు విప్పాను.

జవాబుల్లేవు! ఆ పేజీలు ఎవరో ఎప్పుడో చింపేశారు. వాటి బదులు కొలతలు రాసుకునే కాగితాలు, వాటి నిండా అత్త కోడిగీతల్లో లెక్కలు. ఒక్కోటి రెండుసార్లు కొట్టేసి మూడోసారి చేసింది. పక్కన ఎర్రసిరాతో మాస్టారి దిద్దుబాట్లు. ఆ ప్యాంటు సంగతి అప్పుడు తెలిసింది. నలభై ఒకటో లెక్క దగ్గర ఎర్రసిరాతో జవాబొక్కటే ఉంది. కింద అత్త రాసుకుంది: "మాస్టారు చెప్పినా ఎక్కలేదు. పిల్ల చేశాక విని నేర్చుకోవాలి."

ఆ లెక్క నేను చెప్పినప్పుడు ఎంత దర్జాగా "సరే" అంది! సిగ్గుతో ఏడుపొచ్చింది. గబగబా మిషను ముందు కూర్చుని నేనే కుట్టేశాను. అత్త వచ్చి ఆ కుట్టు మీద వేలితో నిమిరింది. "వంకర" అంది.

ఫలితాల రోజు పరుగెత్తుకెళ్ళాను. "అత్తా, పాసయ్యాను! నలభై ఒకటో లెక్కలాంటిదే ఇచ్చారు!"

కత్తెర ప్రశ్న కోసం చూశాను. రాలేదు. అత్త మిషను ఆపి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అంది:

"అయితే నేనూ పాసే."