అమ్మ హోటల్లో కూర్చున్న రోజు

మా ఫ్యాక్టరీలో నా పక్క సీటులో పనిచేసే ఆవిడది బాపట్ల వైపు. జహీరాబాద్ వచ్చి ఎనిమిదేళ్లయినా ఆవిడకు మా నీళ్లు పడలేదు, మా జొన్నరొట్టె గొంతు దిగలేదు. అమ్మను తీసుకుని సముద్రం చూడటానికి వాళ్ల వైపు వెళ్తున్నానని చెప్పగానే, తనే ప్రయాణమవుతున్నట్టు సంబరపడిపోయింది. ఒక తెల్లకాగితం తీసుకుని ఎక్కడేం తినాలో వరుసగా రాసిచ్చింది. పొద్దున స్టేషన్ దగ్గర ఫలానా హోటల్లో ఇడ్లీ, మధ్యాహ్నం బీచ్‌కు వెళ్లే దారిలో ఒకావిడ ఇంటి ముందు నడిపే మెస్సులో చేపల పులుసు, సాయంత్రం ఇసుకలో బండి దగ్గర మిరపకాయ బజ్జీలు, ఎండ మండినప్పుడల్లా కొబ్బరి బొండాం. "చూడ్డం ఎవరైనా చూస్తారండీ, తినకుండా మాత్రం రాకండి," అంది.

ఆ కాగితం ఇంటికి తెచ్చి అమ్మకు చదివి వినిపించాను. అమ్మ పల్లికాయలు ఒలుస్తూ అంతా విని, ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆడ బయట కూసునేతందుకు జాగ ఉంటదా బిడ్డా?"

బీచ్ సంగతి అడుగుతోందనుకున్నాను. కాదు, హోటళ్ల సంగతి.

మేం దళితులం. నేను పుట్టిన ఊరు జహీరాబాద్ నుంచి షేర్ ఆటోలో ముప్పావు గంట. అక్కడ బస్సు ఆగేచోట ఒక టీ హోటల్ ఉండేది. ఊళ్లోవాళ్లు లోపల బల్లల మీద కూర్చునేవాళ్లు. మా వాడవాళ్లకు బయట గోడవారగా నాలుగు బండలు, గూట్లో విడిగా గ్లాసులు. టీ తాగాక ఆ గ్లాసులు మేమే కడిగి, గూట్లో బోర్లించి పోవాలి. ఇది మా తాతల కాలం ముచ్చట కాదు, లంగా వేసుకుని ఆ బండల మీద నేనూ కూర్చున్నాను. ఆ హోటల్ ఎప్పుడో మూతపడింది. ఇప్పుడున్న దాంట్లో అందరికీ పేపర్ కప్పులే. కడిగే పని తప్పింది కనుక కడిగించిన పాపం కూడా పోయిందని ఊరు హాయిగా ఊపిరి పీల్చుకుంది.

నేను హాస్టల్లో చదివి, డిప్లొమా చేసి, ఉద్యోగంలో చేరాను. క్యాంటీన్లో అందరితో కలిసి తింటాను, తిన్న పళ్ళెం అక్కడే వదిలి లేస్తాను. అమ్మ మాత్రం ఆ బండల మీదే ఉండిపోయింది. నాన్న పోయాక నా దగ్గరికి వచ్చేసి ఆరేళ్లయింది, ఒక్క హోటల్ గడప తొక్కలేదు. ఎంత బతిమాలినా, "నాకు ఆకలైతలేదు, నువ్వు తినిరా పో," అంటుంది. ఎవరైనా గుర్తుపడతారేమోనని ఆమె భయం.

అందుకే, నిజం చెప్పాలంటే, సముద్రం నాకొక సాకు. అమ్మ ఒక్కసారి హోటల్లో ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చోవాలి. ఎవరో వచ్చి ఏం కావాలని అడగాలి. తిన్నాక పళ్ళెం అక్కడే వదిలేసి లేచి రావాలి. నాకు కావలసింది అంతే. అంత దూరంలో మేమెవరమో ఎవరికి తెలుస్తుంది?

అమ్మకు మాత్రం నిజంగానే సముద్రం మీద మనసుంది. చర్చిలో సముద్రం మాట ఎన్నో ఆదివారాలు వింది. కళ్లతో చూసిన పెద్ద నీళ్లంటే వానాకాలం మంజీర ఒక్కటే. రెండు రోజులు కూర్చుని జొన్నరొట్టెలు పల్చగా తట్టి, కరకరలాడేలా కాల్చి ఆరబెట్టింది. అవి పదిహేను రోజులైనా పాడుకావు. పల్లీల కారం, ఉల్లిగడ్డలు, వాటితో పాటు ఒక స్టీలు గ్లాసు సంచిలో పెట్టింది. గ్లాసెందుకని కసిరాను. "ఉండనియ్ జర, అదేమన్న తిండి అడుగుతదా?" అంది.

మొదటి రోజు పొద్దున ఇడ్లీ హోటల్ మెట్ల దాకా వచ్చి అమ్మ ఆగిపోయింది. "రైలు ఊపుకు కడుపుల తిప్పుతున్నది. నువ్వు తిను పో." పక్కనే మూసివున్న దుకాణం అరుగు మీద కూర్చుని మూట విప్పింది. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని రొట్టె విరిచింది. కడుపులో తిప్పుతున్న మనిషి ఉల్లిగడ్డ కొరుక్కుని రెండు రొట్టెలు తినడం నేను లోపలి నుంచి చూశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పంతానికి పోయి నాలుగు ఇడ్లీలు తిన్నాను. ఆ ఇడ్లీల రుచి ఎలా ఉందో ఇవాళ్టికీ చెప్పలేను.

సాయంత్రం సముద్రం దగ్గర అమ్మ వేరే మనిషైపోయింది. చీర కుచ్చెళ్లు పైకి దోపి, మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడింది. దోసిలితో నీళ్లు తీసి నాలుక మీద వేసుకుని, తుపుక్కున ఉమ్మేసి నవ్వింది. "గిన్ని నీళ్లుండి ఏం ఫాయిద బిడ్డా, ఒక్క చెలక తడ్వదు!" బజ్జీల బండి దగ్గర నేను అడగకముందే చెయ్యి చాపింది. పేపరు ముక్కలో వేడివేడి బజ్జీలు ఊదుకుంటూ తిని, ఇంకో రెండు వేయించుకుంది. బొండాన్ని రెండు చేతులతో ఎత్తి గటగటా తాగింది. అక్కడ లోపలా లేదు, కుర్చీలూ లేవు. అందరూ బయటే ఉన్నచోట మా అమ్మకు ఆకలి వేసింది. అది అర్థమైనకొద్దీ నా పట్టుదల ఇంకా పెరిగింది.

రెండో రోజు మధ్యాహ్నం మెస్సుకు తీసుకెళ్లాను. తీసుకెళ్లాననడం అబద్ధం, లాక్కెళ్లాను. అరవై దాటిన మనిషిని మణికట్టు పట్టుకుని లాగాను. రేకుల వసారా, నాలుగు టేబుళ్లు, ప్లాస్టిక్ కుర్చీలు, పైన గడగడమని తిరిగే ఫ్యాను. వసారా చివర పంపు, గిన్నెలు తోమే గచ్చు. నడిపే ఆవిడ కొంగు నడుముకు దోపుకుని ఎదురొచ్చింది. "రండి పిన్నీ, కూర్చోండి. పులుసు ఇప్పుడే దించాను."

అమ్మ కుర్చీ అంచున కూర్చుంది, ఎవరైనా లెమ్మంటే లేవడానికి వీలుగా. ఎవరూ అనలేదు. ఆవిడ అన్నం పెట్టి, పులుసు పోసి, పెద్ద ముక్క ఏరి అమ్మ పళ్ళెంలో వేసింది. కాసేపటికి మళ్లీ వచ్చి, "ఇంకో ముక్క వెయ్యనా పిన్నీ, మొహమాటపడకండి," అంది. పరాయి మనిషి ఒకరు నిలబడి, వరస కలిపి, మా అమ్మకు వడ్డించడం నేను పుట్టాక అదే మొదటిసారి చూడటం. అమ్మ తల వంచుకుని నెమ్మదిగా ముళ్లు తీసుకుంటూ అన్నం మొత్తం తింది. నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. కారం మీదికి నెట్టేసి, మొహం కడుక్కోవడానికి బయటున్న బేసిన్ దగ్గరికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మ గచ్చు దగ్గర గొంతుక్కూర్చుని, పీచుతో పళ్ళెం తోముతోంది. తనదీ నాదీ, రెండు పళ్ళాలు, రెండు గ్లాసులు.

నడిపే ఆవిడ పరిగెత్తుకొచ్చింది. "అయ్యో పిన్నీ, పళ్ళెం జిడ్డుగా ఉందా? శుభ్రంగా తోమే పెట్టానమ్మా!" పాపం, ఆవిడ ముఖం చిన్నబోయింది. తక్కిన టేబుళ్లవాళ్లు తినడం ఆపి చూస్తున్నారు.

"అమ్మా, పెట్టెయ్ ఆడ! లే ముందు!" అని అరిచాను. ఇంట్లో కూడా ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు.

అమ్మ ఉలిక్కిపడింది కానీ లేవలేదు. తోమడం పూర్తిచేసి, కడిగి, నాలుగూ బోర్లించింది. "నీ పల్లెం మంచిగనే ఉన్నది బిడ్డా, ఫికర్ చెయ్యకు. నాకే అలవాటు," అని ఆవిడతో చెప్పి బయటికి నడిచింది.

దారి పొడవునా నేనే మాట్లాడాను. "మనమెవరమో ఈడ ఎవ్వలకు తెల్వదు. ఎవరు కడగమన్నరు నిన్ను? నీది కడిగితే కడిగినవ్, నాది ఎందుకు కడిగినవ్?"

అమ్మ ముందు నడుస్తూనే ఉంది. సరుగుడు చెట్ల దగ్గరికి వచ్చాక ఆగింది.

"నీదే ముందుగాల కడిగిన."

"ఎందుకు?"

"మన ఊర్ల హోటల్ల నువ్వు ఎప్పుడన్న గ్లాసు కడిగినవా? యాద్ చేస్కో."

గుర్తు చేసుకున్నాను. ఆ బండలు గుర్తున్నాయి. టీలో ముంచుకున్న బిస్కెట్టు గుర్తుంది. గూట్లో బోర్లించిన గ్లాసుల వరస గుర్తుంది. నా చేతిలో తడి గ్లాసు మాత్రం ఎంత తవ్వినా గుర్తుకు రాలేదు.

"పిల్లలైన సరే, ఎవలది వాళ్లే కడగాలనెటోళ్లు. నువ్వు తాగుడు అయిపోంగనే నిన్ను బస్సుకాడికి ఉరికించి, నీది నేను కడిగెటిదాన్ని. నా బిడ్డ చెయ్యి ఆ గ్లాసు కడగొద్దనుకున్న."

నేను అక్కడే ఇసుకలో కూర్చున్నాను. పళ్ళెం వదిలేసి దర్జాగా లేవడం నాకు చదువు నేర్పిందనీ, ఉద్యోగం నేర్పిందనీ, అమ్మకు నేను నేర్పబోతున్నాననీ ఎంత మిడిసిపడ్డాను! అంతమందిలో ఆమె మీద అరిచినందుకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

మూడో రోజు మా తిరుగు ప్రయాణం. మధ్యాహ్నం అమ్మే అంది, "ఆమె కాడికే పోదాం పా. పులుసు మంచిగుండె." మమ్మల్ని చూడగానే ఆవిడ రెండు పళ్ళాలు మా కళ్లెదుటే మళ్లీ తోమి, పొడిగుడ్డతో తుడిచి తెచ్చిపెట్టింది. అమ్మ ఈసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. తనే అడిగి ఇంకోసారి పులుసు పోయించుకుంది.

తినడం అయ్యాక అమ్మ చెయ్యి ముందు నా పళ్ళెం వైపే వచ్చింది. అప్పటికే నేను లేచి రెండు పళ్ళాలూ చేతిలోకి తీసుకున్నాను.

"ఇయ్యాల నేను కడుగుత."

అమ్మ ముఖం మారిపోయింది. "పెట్టు ఆడ. నువ్వు ముట్టకు."

"నువ్వు కడిగితే నేను గూడ కడుగుత. ఇద్దరం కూసోని కడుగుదాం."

"నువ్వు కడగొద్దనే గద నేను ఇన్నేండ్లు కడిగింది!"

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. వసారా అంతా మళ్లీ మావైపు తిరిగింది. నేను కదలలేదు, పళ్ళాలు వదల్లేదు. అమ్మ నా చేతుల్ని చూసింది, పంపు వైపు చూసింది, మళ్లీ నా చేతుల్ని చూసింది. తర్వాత రెండు పళ్ళాలూ నా దగ్గర్నుంచి తీసుకుంది. గచ్చు వైపు వెళ్తుందనుకున్నాను. వెళ్లలేదు. ఎంగిలి పళ్ళాలను అలాగే టేబుల్ మీద పెట్టేసి, "పా, పోదాం," అంది.

రోడ్డు మీదికి వచ్చేదాకా అమ్మ నా చెయ్యి వదల్లేదు. నేను వెనక్కి పోయి ఎక్కడ కడుగుతానోనని గట్టిగా పట్టుకుని నడిచింది.