బేళ్ల మీద గీసిన మనిషి

మొన్న మంగళవారం పొద్దున మా అన్న పోయాడు. కోవిల్‌పట్టి నుంచి వచ్చిన చుట్టాలంతా పాపం, విడుదలయ్యాడు అన్నారు. కట్టేసింది మనమే కదా, విడుదలేంటి అని అడిగాను. ఆడదానికి ఇంత నోరేమిటని నన్ను లోపలికి పొమ్మన్నారు. పోలేదు. మీకైనా చెబుతాను, వినండి.

అన్న విరుదునగరం పత్తి ప్రెస్సులో, నొక్కి కట్టిన పత్తి బేళ్ల మీద గుర్తులు వేసేవాడు. గోనె మీద నల్లరంగుతో కంపెనీ గుర్తు, కింద తూకం. గీత వంకర పోయిందని ఒక్కరూ అనలేదు. అన్నం తినేటప్పుడు కూడా గోళ్ల సందుల్లో రంగుండేది. నేను తిట్టేదాన్ని, నవ్వేవాడు.

వాంతిభేదికి వదినా బిడ్డా ఒకే వారంలో పోయారు. అన్న ఏడవలేదు. మాట తగ్గింది, తిండి తగ్గింది. గుర్తు కింద ఒక చిన్న మనిషిని గీయడం మాత్రం మొదలుపెట్టాడు. మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్న మనిషి. ఎందుకన్నా అంటే నాకొక్కదానికే చెప్పాడు.

"లోపల మోయలేకున్నా పాపా. బేలు మీదికెక్కిస్తే తూత్తుకుడి పోయి, ఓడెక్కి, దొరల సీమకు పోతాది. ఆ పూటకు తేలిగ్గా ఉంటాది."

ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తినేవాడు. నా కళ్లారా చూశాను.

కంపెనీ ఏజెంటు ఆ బొమ్మలు చూసి కుంచె లాక్కుని పనిలోంచి పంపేశాడు. సరే, వాడు పరాయివాడు. మనవాళ్లేం చేశారు? ఉడుక్కు వాయిస్తూ దయ్యాలు వదిలించే కోడంగిని పిలిచారు. అన్నకు పట్టిన దయ్యం, పేయి, ఆ బొమ్మల్లోంచే వస్తోందని వాడు తేల్చాడు. గొడ్లపాకలో గొలుసేసి కట్టండి, గీత పడే వస్తువేదీ చేతికి అందనివ్వొద్దు అన్నాడు. తెలివిగల పెద్దలంతా తలూపారు. బొగ్గు, సున్నం, ఇటుక ముక్క, ఏ రోజుకారోజు పాకంతా ఊడ్చి పారేసింది నేనే. రెండేళ్లు కుంచె ఇమ్మని అడిగాడు. బాగవుతావన్నా, ఓర్చుకో అన్నాను. నా నోరు పడిపోను.

నిన్న పాక కడగబోయి, అన్నకు చలి తగలకుండా వెనక గోడకు కట్టిన గోనెపట్టా విప్పాను. మట్టిగోడ నిండా బేళ్లు, ఒకదాని మీదొకటి. ఒక్కో బేలు మీద ఆ మనిషి. అన్నీ కాలి గొలుసు కొసతో గోకి గీసినవే. చెయ్యి అందినంత ఎత్తుదాకా పేర్చి ఉన్నాయి. ఒక్కటీ పాక దాటలేదు.