సర్క్యులర్లలో దొరికిన హెడ్మాస్టరు

మా పిన్ని మూడో తరగతి టీచరు. కథలోని మనిషి ఎలాంటివాడో పట్టుకోవడం నేర్పుతుంది. కథలో "వాడు పిసినారి" అని రాసి ఉండదు. వాడు చేసిన పని, అన్న మాట ఉంటాయి. వాటిని బట్టి గుణం మనమే తేల్చాలి, ఏ వాక్యం చూసి తేల్చామో వేలు పెట్టి చూపించాలి. "మంచివాడు" అనే మాట ఆ గదిలో నిషిద్ధం. ఆధారం లేని మాట వినబడితే పిన్ని కళ్లద్దాలు ముక్కు చివరికి జారతాయి.

ఈ అలవాటు ఇంటికీ వచ్చింది. బాబాయి భోంచేస్తూ "కూర బాగుందోయ్" అంటే, "ఏ ముద్ద దగ్గర తెలిసింది?" అంటుంది. "రెండోసారి వడ్డించుకున్నాను, చూళ్లేదూ" అని ఆయన బయటపడతాడు. వాళ్లింట్లో ఉండి చదువుకుంటున్న నేను మాత్రం నోరెత్తకుండా తినడం నేర్చుకున్నాను.

ఆ ఏడు బడి తెరిచి రెండు నెలలైనా పాఠ్యపుస్తకాలు రాలేదు. పిన్నికేమో ప్రొబేషన్ చివరి నెల. హెడ్మాస్టరు గారు ఫారం మీద సంతకం పెడితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే. అడిగినప్పుడల్లా ఆయన "చూద్దామమ్మా" అనేవారు. ఆయన చూద్దామన్న పనిని ఇంతవరకు ఎవరూ చూడలేదు.

పుస్తకాల్లేని గదిలో చదవడానికి ఉన్నవి గోడకు అంటించిన సర్క్యులర్లే. హెడ్మాస్టరు గారికి నోటితో చెప్పడం కన్నా కాగితం మీద చెప్పడం ఇష్టం. వారానికి ఒకటో రెండో రాసేవారు, అటెండరు గదిగదికీ అంటించి పోయేవాడు. పిన్ని వాటినే పాఠంగా పెట్టింది. "ఇవి రాసినాయన ఎలాంటివారో చెప్పండి" అంది.

మొదటి రోజు అందరూ "కోపిష్టి" అన్నారు. ఒక్క కాగితంలో 'రాదు', 'కూడదు' ఏడుసార్లు ఉన్నాయి మరి. మర్నాడు లాయరు లేచింది. లాయరంటే మొదటి బెంచీలో కూర్చునే ఎనిమిదేళ్ల పిల్ల. టీచర్లు పెట్టిన పేరు, దానికీ నచ్చిన పేరు.

"టీచర్, సార్ కోపిష్టి కాదు. భయస్థుడు."

"ఆధారం?"

లాయరు గోడ దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చదివింది. "మూడో నంబరు. 'స్టోరు గదిలో బల్లులున్నందున తలుపు సదా మూసి ఉంచవలెను.' ఐదో నంబరు. 'సుద్దముక్కలు ఇకపై స్టోరు నుండి అటెండరే తేవలెను.' ఎనిమిది. 'నా గదికి, స్టోరు గదికి మధ్యనున్న తలుపు శాశ్వతముగా మూసివేయడమైనది.' పదకొండు. 'బల్లి కనిపించినచో ముందుగా ఆఫీసుకు తెలియజేయవలెను. కేకలు వేయరాదు.'"

"కేకలేసిందెవరో మరి," అంది వెనక బెంచీ నుంచి ఒక గొంతు. గది గొల్లుమంది.

పిన్ని నవ్వలేదట. ఆ గోలేమిటో చూద్దామని వచ్చిన హెడ్మాస్టరు గారు అప్పటికే గుమ్మం దాటి నల్లబల్ల పక్కన నిలబడి ఉన్నారు.

"ఏం పాఠమమ్మా ఇది?"

పిన్ని కళ్లముందు ఆ ఫారమే కదిలింది. లెక్కలు చెబుతున్నానని బొంకొచ్చు. కానీ రోజూ ఆధారం అడిగే నోటికి ముప్పైమంది పిల్లల ముందు ఆ మాట రాలేదు. "పాత్రల స్వభావం సార్. మీ సర్క్యులర్లు చదివి తేలుస్తున్నాం," అంది.

"ఏం తేలింది?"

లాయరు ఒక్క నంబరూ వదలకుండా మళ్లీ చదివింది. ఆయన ముఖం కందగడ్డయింది.

అప్పుడు వెనక బెంచీలోని నిద్రమొహం చెయ్యెత్తింది. పాఠం జరిగినంతసేపూ గోడలూ పైకప్పూ చూడడమే ఆ పిల్ల పని. "సార్, మీ పక్కన బల్లి ఉంది. ఇందాకట్నుంచీ ఉంది."

ఆయన మెల్లగా తల తిప్పారు. నల్లబల్ల అంచున, ఆయన చెవికి జానెడు దూరంలో అది తోక ఆడించింది. ఆయన పిడికిళ్లు బిగుసుకున్నాయి. కదల్లేదు, కేకా వేయలేదు. చివరికి బల్లికే విసుగు పుట్టి కిటికీలోంచి వెళ్లిపోయింది.

"అయితే సార్ ధైర్యవంతులు కూడా," అంది నిద్రమొహం. "భయమేసినా పారిపోలేదు."

"అదెక్కడా రాసి లేదు కదే," అంది లాయరు. "రాసి లేనిది చెల్లదు. కదా టీచర్?"

రెండు నెలలుగా పిన్ని చెబుతున్న నియమమే అది. "చెల్లదు," అంది సన్నగా. హెడ్మాస్టరు గారు ఆవిడను ఒకసారి, గోడను ఒకసారి చూసి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం పిన్ని వంటగదిలోకే వెళ్లలేదు. "నా ఉద్యోగం పోయినట్టే," అంది.

"ఆధారం?" అన్నాడు బాబాయి, అలవాటుకొద్దీ. ఆవిడ చూసిన చూపుకు ఆయనే వెళ్లి అన్నం వండాడు.

మర్నాడు పన్నెండో నంబరు వచ్చింది. 'నిన్న మూడవ తరగతి గదిలో బల్లి ఉండగా ఈ క్రింద సంతకము చేసినవారు ఆరు నిమిషములు కదలక నిలబడినారు. ఇది అందరి సమాచారము కొరకు.'

లాయరు రెండుసార్లు చదివి, "ఇప్పుడు చెల్లుతుంది," అని తీర్పిచ్చింది. ఆరు కాదు, రెండు నిమిషాలేనని నిద్రమొహం గొణిగింది గాని, ఆ సంగతి ఎక్కడా రాసి లేదు కనుక ఎవరూ పట్టించుకోలేదు.

దాంతోపాటే అటెండరు పిన్ని ఫారం ఇచ్చి వెళ్లాడు. అభిప్రాయం రాసే గడిలో హెడ్మాస్టరు గారు 'మంచి టీచరు' అని రాసి, కొట్టేసి, దిగువన మళ్లీ రాశారు. 'పుస్తకములు లేకున్ననూ పిల్లలకు చదవడము నేర్పినారు. ఆధారము: సర్క్యులర్లు 3, 5, 8, 11.' కింద సంతకం.

పిన్ని ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు. వండింది, వడ్డించింది. బాబాయి కాసేపు తిని, "సంతకం పెట్టేశారన్నమాట," అన్నాడు.

"ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు. దిగులైతే నువ్వు అసలు వండవు. ఇవాళ వండావు, పైగా సంతోషంలో ఉప్పు రెండుసార్లు వేశావు."

"ఏ ముద్ద దగ్గర తెలిసింది?"

"మొదటి ముద్ద దగ్గరే," అన్నాడు బాబాయి, మంచినీళ్ల గ్లాసు అందుకుంటూ.