అన్ని జవాబులూ ఎనిమిదే

ఆ రోజుల్లో నాకు నా మీద ఉన్నంత నమ్మకం ఇప్పుడు ఎవరి మీదా లేదు. షోళింగనల్లూరు సాఫ్ట్‌వేరు కంపెనీవాళ్లు మా టీమునంతా ఒకే మధ్యాహ్నం ఇంటికి పంపేసినా నాలో చలనం లేదు. మైలాపూరులో ఒక బడికి లెక్కల టీచరు కావాలని తెలిసింది. ఉన్నాయన మానేసి, కొత్తవాళ్లు దొరక్క, తొమ్మిదో తరగతికి లెక్కల పీరియడ్లో పీటీ సారు కాపలా కూర్చుంటున్నారట. ఇలా టీచర్లు కరువైన సబ్జెక్టులకు, బీఈడీ లేకపోయినా, డిగ్రీ చూసి, కొద్దిరోజుల శిక్షణతో అత్యవసర అనుమతి ఇస్తున్నారు. అదీ ఒక్క టర్ముకే. చివర్లో ఒక అధికారి వచ్చి క్లాసు చూస్తాడు. నచ్చితే పొడిగింపు, లేకపోతే నేను ఇంటికి, పీటీ సారు మళ్లీ లెక్కలకి. "కుక్కరు ఎన్ని కూతలేసిందో చెప్పలేవు, నువ్వు లెక్కలు చెప్పేదేందే" అన్నారు మావారు. అంతే, ఆ పూటే దరఖాస్తు పెట్టేశాను.

శిక్షణలో చెప్పినవాటిలో నా బుర్రకెక్కింది ఒక్కటే: పిల్లలు జవాబు చెప్పగానే తలూపేయకూడదు, అదెలా వచ్చిందో అడగాలి. సరే, అడిగాను. అడిగితే ఏమయిందో వినండి. ముందు బెంచీలో రెండుజడల పిల్ల ఒకతి ఉండేది. ఎక్స్ విలువ ఎంత అంటే లేచి, "ఫిఫ్టీన్, మిస్" అంది. సరైన జవాబే. నాకు ఉత్సాహం వచ్చింది. పాఠం ఇంగ్లీషులోనే చెప్పినా, ఉత్సాహం వస్తే నా నోరు నెల్లూరు వెళ్లిపోతుంది. "ఎట్టా?" అన్నాను. పిల్ల మొహం చిన్నబోయింది. నన్ను చూసింది, పుస్తకం చూసుకుంది, "ఎయిట్, మిస్" అని కూర్చుంది. ఇంకొకణ్ణి లేపాను. వాడూ మొదట పదిహేనే అన్నాడు, "ఎట్టా?" అనగానే ఎనిమిదికి దిగిపోయాడు. రోజూ ఇదే తంతు. చివరికి పరీక్ష పెట్టి, బెంచీల మధ్య తిరుగుతూ, కాగితాల్లోకి తొంగిచూసి "ఎట్టా?" అంటూ పోతే సగం క్లాసు కొట్టివేతలూ చెరిపివేతలూ చేసి మరీ ఎనిమిదులు రాసింది. త్రిభుజంలో కోణం ఎంతంటే ఎనిమిది, గదికి తలుపులెన్నని అడిగినా ఎనిమిదే అనేట్టున్నారు.

నేను పిల్లల మనస్తత్వం మీద ఏవేవో చదివాను. ఆత్మవిశ్వాసం లోపించిన పిల్లలు ఒకే అంకెను పట్టుకు వేలాడతారని ఒక సిద్ధాంతం కూడా కనిపెట్టి (నా సొంతమే లెండి) స్టాఫ్‌రూములో ఉపన్యసించాను. మా హెడ్మిస్ట్రెస్ తాతల నాటి నుంచి ఈ ఊళ్లోనే, పురసవాక్కంలో ఉన్న తెలుగావిడ. ఆ సిద్ధాంతం ఆవిడ దగ్గర పారలేదు. "ఏంమ్మా, ఈడ పిల్లకాయలంతా ఎనిమిది ఎనిమిదని రాసుండారే, ఎన్న ఆచ్చు, ఏమయింది? సోమవారం ఆఫీసరు వస్తా ఉండాడు. నీ పర్మిషన్ పోతే నాకు ఇంకో టీచరు దొరకదు, పావం, ఈ బిడ్డలకి వచ్చే ఏడు పబ్లిక్ పరీచ్ఛకి లెక్కలు ఎవరు చెప్పిస్తారు?" అంది. ఆ మాటకు నా ధీమా కాస్తా దిగిపోయింది. ఉద్యోగం పోతుందని కాదు. ఆ పిల్లలంటే నాకు అప్పటికే ప్రాణమైపోయింది.

సోమవారం అధికారి వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. నేను దేవుళ్లందరికీ మొక్కుకుని, సరైన జవాబు తప్పకుండా చెప్పే పిల్ల అని రెండుజడల పిల్లనే లేపాను. "ట్వెల్వ్, మిస్" అంది చక్కగా. అధికారి తలూపాడు. అక్కడితో ఊరుకోవచ్చా? శిక్షణ గుర్తొచ్చింది. "ఎట్టా?" అన్నాను.

"ఎయిట్, మిస్."

అధికారి లేచి వచ్చి, సరైన జవాబు ఎందుకు మార్చావని ఆ పిల్లను తమిళంలో అడిగాడు. అది కళ్లనీళ్లు పెట్టుకుని, "మిస్ దాన్ ఎట్టాన్ను కేట్టాంగ, సార్" అంది. మిస్సే కదా ఎనిమిదా అని అడిగింది అని. తమిళంలో ఎట్టు అంటే ఎనిమిదట, ఎట్టా అంటే ఎనిమిదా అనట. ఆఫీసులో ఇంగ్లీషు, అపార్ట్‌మెంటులో తెలుగు, కూరగాయలాయన సైతం నాతో ఇంగ్లీషులోనే లెక్క చెప్పే ఊళ్లో ఇన్నేళ్లున్న నాకు ఆ ముక్క అప్పుడు తెలిసింది. "ఎట్టా అంటే మా ఊళ్లో హౌ అని సార్" అన్నాను, నూతిలోంచి మాట్లాడినట్టు. క్లాసు బెంచీలు విరిగేలా నవ్వింది. అధికారి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. "ఇంకోసారి అడగండి, మేడం" అన్నాడు. అడిగాను. రెండుజడల పిల్ల బోర్డు దగ్గరికొచ్చి, సుద్దముక్క అందుకుని, పన్నెండు ఎలా వచ్చిందో వరసగా రాసి చూపించింది. నా అనుమతి పొడిగించారు, తమిళం నేర్చుకోవాలన్న షరతు మీద.

సాయంత్రం ఆ పిల్లను పిలిచి అడిగాను, పరీక్షలో నీ జవాబు రైటని తెలుసు కదా, ఎందుకు చెరిపేశావు అని. అది నా వంక ఆశ్చర్యంగా చూసి, "మీరు మిస్ కదా, మిస్. మీకు తెలియదా?" అంది.

ఆ తర్వాత బీఈడీ చేశాను. తమిళంలో ఇప్పుడు తిట్టగలను కూడా. ఈనాటి పిల్లలు నేను బోర్డు మీద ఒక్క గుర్తు తప్పు వేస్తే చాలు, సుద్దముక్క ఎత్తకముందే అరిచి పట్టేస్తారు. అలాగే ఉండాలని నేనే నేర్పాను, మంచిదే. కానీ సరైన జవాబును రబ్బరుతో చెరిపేసుకుని నన్ను నమ్మినవాళ్లు, నాకేమీ రాని ఆ మొదటి టర్ములో తప్ప, మళ్లీ దొరకలేదు.