దేవుళ్లను చెక్కే మిషన్‌లో విత్తనాల చక్రం

పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పుకునే నేను జూన్ ఎండలో నంద్యాల నుంచి ఆళ్లగడ్డ బయల్దేరానంటే కారణం మా ఆఖరి ఏడాది పిల్ల శైలజ. మొక్కజొన్న గింజల్ని ఒక్కొక్కటిగా సాల్లోకి వదిలే ప్లాస్టిక్ చక్రం ఒకటి త్రీడీ ప్రింటర్‌లో చేసింది. వాళ్ల నాయనకు ఆళ్లగడ్డ పక్కనే ఐదెకరాల చేను. పాత చక్రాలతో ఒకచోట రెండు గింజలు పడితే ఇంకోచోట అసలు పడవు. అయినా ఆయన, "ఈ పొద్దు సరిగ్గా పడితే రెండెకరాలు దాంతో ఏస్తా, లేదంటే నా పాతవే" అని తెగేసి చెప్పాడట.

ఎనిమిదింటికి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. గంటకు పైనే ప్రయాణం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితం, మగవాళ్లకు వందలోపే. గీతలు పడతాయని శైలజ చక్రాన్ని స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి తెచ్చింది. బస్సు కిటకిటలాడుతుంటే డ్రైవరు, "యాడ పట్టుకోని నిలబడతావ్ పాపా? ఈడ బానెట్ మీద పెట్టు, పడదు" అన్నాడు. పడలేదు, నిజమే. ఆళ్లగడ్డలో దిగి మూత తీస్తే మాత్రం, ఇంజన్ వేడికి మెత్తబడి చక్రం అప్పడంలా వంగిపోయింది. శైలజకు కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ.

అదృష్టం, మేం దిగింది శిల్పుల ఊళ్లో. ఇప్పుడక్కడ సగం చెక్కుడు కంప్యూటర్ మిషన్లదే. కనిపించిన మొదటి షాపులో దూరి, మేస్త్రీ మద్దిలేటికి గోడు చెప్పుకున్నాం.

"రాయే కోస్తాండాం, ప్లాస్టిక్ ఎంతసేపమ్మా! డిజైన్ ఉందా?"

డిజైన్ శైలజ ఫోన్‌లో ఉంది. ప్లాస్టిక్కే లేదు. నేను పాత్రల అంగడికి పరుగెత్తి కూరగాయలు కోసుకునే పలక కొనుక్కొచ్చాను. ఆయన మిషన్‌కు కొయ్యను కోసే బిట్టు బిగించి, చూస్తుండగానే చక్రం కోసేశాడు. శైలజ తన సంచిలోంచి వెర్నియర్ తీసి ఒక్కో రంధ్రం కొలిచింది. ఒకటి అర మిల్లీమీటరు పెద్దది.

"ఇది పనికిరాదన్నా."

"ఏందమ్మా, దేవుని ముక్కుక్కూడా ఇంత కొలత అడగరు!"

"దేవునికి నడుస్తాదిలేన్నా. ఈడ రెండు గింజలు పడతాయి."

మద్దిలేటి పకపకా నవ్వాడు. పలక జారిందని కనిపెట్టి, ఈసారి నాలుగు వైపులా బిగించాడు. నేను మళ్లీ అంగడికి పరుగు! నాణ్యతా ప్రమాణాల క్లాసులో ఆవలించే పిల్ల ఈమేనా అని మనసు పొంగిపోయింది. రెండోది ప్రతి కొలతలోనూ నెగ్గింది.

షేర్ ఆటోలో చేను చేరాం. శైలజ నాయన విత్తే గొర్రులో ఒక వరుసకు చక్రం బిగించి, ట్రాక్టర్ కొంతదూరం నడిపి దిగాడు. సాలు వెంట వంగి, వేలితో మట్టి తీసి చూశాడు. ఒకటే గింజ. ఇంకోచోట తీశాడు. అక్కడా ఒకటే. చివరిదాకా అలాగే వెళ్లి మెల్లగా తిరిగొచ్చాడు.

"నాయనా, రెండెకరాలు ఏస్తావా?" శైలజ అడిగింది.

"ఏందీ రెండెకరాలు? మిగతా చక్రాలు గూడా కోయించుకోని రాపో. ఐదెకరాలూ దీంతోనే!"

ఇన్నేళ్లుగా అర మిల్లీమీటరు తేడాను బోర్డు మీద గీసి చూపిస్తున్నాను. ఆ రోజు దాన్ని మట్టిలో చూసి పిల్లకంటే ఎక్కువ గంతులేసింది నేనే. ఇలాంటి పనిమీద ఆళ్లగడ్డ వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: మిషన్ అక్కడ దొరుకుతుంది, కొలిచే పరికరం మాత్రం మీ వెంటే తీసుకెళ్లండి. మంచి మనిషి మొహమ్మీద "పనికిరాదన్నా" అనడానికి చేతిలో అదొకటి ఉండాలి.