కొండపొదపిగిలి గొంతు రంగు: మాచర్లలో ఒక పాత బైనాక్యులర్‌తో ఒక పూట

మా పక్షుల వాట్సాప్ గ్రూపులో ఒక బైనాక్యులర్ గురించి రెండు మాటలు ఎప్పుడూ వినిపిస్తుంటాయి. జపాన్‌లో తయారైన, ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే పాత ఎనిమిది-ముప్పై మోడల్ అది. కంపెనీ దాన్ని ఆపేసి చాలా ఏళ్లయింది. "అలాంటి గాజు ఇప్పుడు ఎవరూ చేయట్లేదు" అనేది మొదటి మాట. "అందులో అన్నీ పసుపుగా కనిపిస్తాయి" అనేది రెండోది. రెండూ అనేవాళ్లలో దాన్ని చేత్తో పట్టుకున్నవాళ్లు ఎంతమందో నాకు అనుమానమే. నేను నరసరావుపేటలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. నేను వాడుతున్న కొత్త బైనాక్యులర్ స్నేహితురాలిది, నెలాఖరుకు తిరిగి ఇచ్చేయాలి. సరిగ్గా అప్పుడే మాచర్ల నుంచి కోటేశ్వరరావు గారు ఆ పాత మోడల్ అమ్ముతానని గ్రూపులో పెట్టారు. వచ్చి, వాడి చూసి, నచ్చితేనే తీసుకోమన్నారు.

ఆయన పేరు గ్రూపులో అందరికీ తెలుసు. నాలుగేళ్ల కిందట ఎత్తిపోతల జలపాతం దగ్గర రాళ్ల మీద కొండపొదపిగిలిని చూశానని రాశారు. బుల్‌బుల్ జాతిలో పసుపు గొంతు, పసుపు తల ఉండే అరుదైన పిట్ట అది. మన వైపు దాన్ని చూశామని చెప్పగలిగేవాళ్లు చాలా తక్కువ. గ్రూపు పెద్ద ఒక్క ముక్కలో కొట్టిపారేశాడు: "ఆ మోడల్‌లో చూస్తే మామూలు పొదపిగిలి కూడా పసుపే." ఆ తర్వాత ఆయన గ్రూపులో పెద్దగా మాట్లాడలేదు. కాబట్టి ఈ ప్రయాణంలో తేలాల్సింది నేను కొనడమా మానడమా అన్నది మాత్రమే కాదని బయల్దేరేటప్పుడే తెలుసు.

శనివారం మధ్యాహ్నం రెండింటికి నరసరావుపేటలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు ఇప్పుడు ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల దుమ్ముతో రోడ్డు పక్క వేపచెట్లన్నీ తెల్లగా ఉన్నాయి. లారీల వెనక అరగంట ఆగిపోయాం. గురజాల దాటాక రోడ్డు ఖాళీ అయింది. ఐదింటికి మాచర్లలో దిగి, బస్టాండ్ దగ్గరే తొమ్మిది వందలకు గది తీసుకుని, కోటేశ్వరరావు గారి దుకాణానికి నడిచి వెళ్లాను. ఆయనది రంగుల దుకాణం. మూడు తరాలుగా గోడలకు, తలుపులకు వేసే పెయింట్లు అమ్ముతున్నారు. అరవై ఐదు దాటి ఉంటాయి, ఎడమ మోకాలు వంగదు.

"ఎండన పడి వచ్చావు, ముందు మజ్జిగ తాగమ్మా" అని, బల్ల కింద నుంచి తోలు సంచి తీశారు. బైనాక్యులర్ అంచుల్లో నల్లరంగు పోయి ఇత్తడి కనిపిస్తోంది. ఫోకస్ చక్రం వెన్నలా తిరిగింది. దుకాణం గుమ్మంలో నిలబడి ఎదురుగా సెల్ టవర్ మీది గోరింకలను చూశాను. బ్రహ్మాండంగా ఉంది. ఆ మాటే అన్నాను.

"దుకాణంలో అన్నీ బాగానే ఉంటయ్. రేపు పొద్దున బయట చూడు. నేనూ వస్తా. నీ కొత్తది కూడా తెచ్చుకో" అన్నారాయన.

ఎత్తిపోతల మాచర్ల నుంచి సాగర్ రోడ్డులో ఆటోకు అరగంట దారి. రానూపోనూ, అక్కడ ఆగడంతో కలిపి ఏడు వందలకు వలి అనే డ్రైవర్‌ను మాట్లాడుకున్నాం. ఐదున్నరకు బయల్దేరాం.

"ఏంది మేడం, జలపాతంలో నీళ్లు చానా తక్కువుంటే ఇంత పొద్దున్నే పోతన్నారు?" అన్నాడు వలి.

"నీళ్ల కోసం కాదు, పిట్టల కోసం" అన్నాను.

"పిట్టలా? మా ఇంటి ముందరే ఉంటయ్‌గా, ఏడు వందలు దండగ!" అని నవ్వాడు.

జలపాతం గేటుకు కొంచెం ముందే ఆటో ఆపించాం. రోడ్డు పక్కన ఎర్రటి బండరాళ్లు, వాటి మధ్య ముళ్లపొదలు. కోటేశ్వరరావు గారు ఇక రాళ్లెక్కలేరు కాబట్టి, వాలు మొదట్లోనే ఒక చదును బండ మీద కూర్చున్నాం. ఇంకా వెలుతురు సరిగా రాలేదు. ఆ మసక వెలుగులో పాత బైనాక్యులర్ తేలిపోయింది. కొత్త దాంట్లో పొదలోని ఆకులు విడివిడిగా కనిపిస్తుంటే, ఇందులో అంతా ఒకే నల్లటి ముద్ద. పైగా నాకు కళ్లద్దాలున్నాయి. అద్దాలతో చూస్తే చుట్టూ సగం దృశ్యం కోసుకుపోతోంది. అద్దాలు తీసి చూసినప్పుడు మాత్రం జనం ఎందుకు అంతగా పొగుడుతారో అర్థమైంది. వాలు వాలంతా ఒకేసారి కళ్ల ముందుకు వచ్చింది. ఎగిరే పిచ్చుకల గుంపును తల తిప్పకుండానే చూడగలిగాను. కొత్త దాంట్లో అంత వెడల్పు లేదు.

ఏడు దాటాక ఎండ రాళ్ల మీద పడింది. ఒక పొదలో నుంచి గలగలమని కూత. బుల్‌బుల్ జాతి పిట్ట ఒకటి పైకొమ్మ మీదికి వచ్చింది. నా చేతిలో ఉన్నది పాత బైనాక్యులర్. గొంతు పసుపు. వెంటనే మెడలోని కొత్త బైనాక్యులర్ తీసి ఆయనకు అందించాను. ఆయన అలాంటి దాన్ని కళ్లకు పెట్టుకోవడం అదే మొదటిసారట. పిట్ట కదలకుండా కూర్చుంది. ఆయనా కదల్లేదు.

"గొంతు తెలుపమ్మా" అన్నారు చివరికి. "కంటి మీద తెల్ల గీత కూడా ఉంది. ఇది మామూలు పొదపిగిలే."

బైనాక్యులర్లు మార్చుకున్నాం. ఆయన అన్నట్టే ఉంది. పిట్ట పొదలోకి దూరిపోయింది.

కోటేశ్వరరావు గారు చేతిసంచిలోంచి దుకాణంలో రంగులు చూపించే కార్డుల కట్ట తీసి నా చేతికిచ్చారు. "తెలుపు, బూడిద రంగు తీసి, అదిగో ఆ రాయి మీద పెట్టిరా" అన్నారు.

"ఇవి ఎందుకు తెచ్చారు?"

"నాలుగేళ్ల నుంచి ఆ అనుమానం నాకూ ఉంది. పక్కన పెట్టి చూడటానికి రెండోది లేకపోయె."

ముప్పై అడుగుల దూరంలో కార్డులు పెట్టి వచ్చాను. ఆయన ముందు కొత్త దాంట్లో, తర్వాత పాత దాంట్లో, మళ్లీ కొత్త దాంట్లో చూశారు. "తెలుపు ఐవరీ అయింది, పసుపు చాయ పట్టింది. ఒక షేడ్ తేడా, అంతే. బూడిద రంగు మాత్రం బూడిద రంగుగానే ఉంది" అన్నారు. రంగులు చూసి బతికిన మనిషి మాట కాబట్టి నేను మళ్లీ పరీక్షించలేదు.

నాకు ఆశ పుట్టింది. "అయితే తెల్లగొంతు పసుపుగా కనిపించొచ్చు గానీ, మామూలు పొదపిగిలి బూడిద రంగు తల పసుపుగా కనిపించదు కదండీ. మీరు చూసిన పిట్టకు తల కూడా పసుపే కదా? మీరు చూసింది నిజమే అయ్యుండొచ్చు."

ఆయన జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశారు. ఆ రోజు పేజీ వెతకనక్కర్లేకపోయింది, పుస్తకం అక్కడే తెరుచుకుంది. నాకు చూపించారు. "రాళ్ల మీద పిగిలి. గొంతు పసుపు. రెండు నిమిషాలు." అంతే ఉంది.

"తల పసుపని నాకు గట్టిగా గుర్తుందమ్మా. కానీ ఇంటికిపోయి పుస్తకంలో బొమ్మ చూశాక గుర్తుందో, ఇక్కడే చూశానో ఇప్పుడు చెప్పలేను. తల సంగతి ఇక్కడ రాయలేదు. రాయంది చూసినట్టు కాదు."

"అలాగని చూడనట్టూ కాదు కదా" అన్నాను.

"నీకూ నాకూ మధ్యయితే సరే. లెక్కలో పెట్టాలంటే కాదు."

అక్కడే ఫోన్ తీసి, అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, ఒక్కో అక్షరం నొక్కుతూ గ్రూపులో రాశారు: కొండపొదపిగిలిని చూశానన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఆ గాజులో తెలుపు పసుపుగా కనిపిస్తోంది, ఇవాళ పోల్చి చూశాను. గ్రూపు పెద్ద ఒక బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఇంకెవరూ ఏమీ అనలేదు. నాకు ఆ బొటనవేలు మీద కోపం వచ్చింది. ఆయనకు వచ్చినట్టు లేదు.

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్క బండి దగ్గర ప్లేటు ముప్పైకి ఇడ్లీ తిన్నాం. వలి ఎన్ని పిట్టలు దొరికాయని అడిగాడు. "ఒకటి పోయింది" అన్నారు కోటేశ్వరరావు గారు. దుకాణం ముందు దిగాక ఆయనే అడిగారు, తీసుకుంటావా అని. నా కళ్లద్దాలకు ఇది కుదరదని చెప్పాను. అది నిజమే. నొచ్చుకుంటారేమో అనుకున్నాను.

"కుదిరినా నీకు ఇచ్చేవాణ్ణి కాదులే. ఐవరీని తెలుపని చెప్పి నేనేనాడూ అమ్మలేదు" అని షట్టర్ పైకి లేపారు.

పదకొండింటి బస్సులో కూర్చుని ఈ మోడల్ మీద నా అభిప్రాయం రాసుకున్నాను. వెడల్పు గురించి విన్నది నిజం. ఎండలో స్పష్టత ఇప్పటి మధ్యరకం వాటికి తీసిపోదు. మసక వెలుగులో పనికిరాదు, కళ్లద్దాల వాళ్లకు అసలు పనికిరాదు, తెలుపును ఒక షేడ్ మారుస్తుంది. ఇదంతా ఒక్క పూటలో తేలిపోయే సంగతి. గ్రూపులో మేమంతా దాన్ని ఏళ్ల తరబడి పొగిడాం, తిట్టాం. దాని పేరు చెప్పి ఒక మనిషి మాటను కొట్టిపారేస్తుంటే చూస్తూ ఊరుకున్నాం. తేల్చి చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు, నాతో సహా. నేను వెళ్లింది కూడా కొనడానికే. ఆ రాళ్ల మీద నాలుగేళ్ల కిందట ఏ పిట్ట కూర్చుందో ఇక ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకున్నది మాత్రం ఆయనొక్కరే.

ఎత్తిపోతల రాళ్ల వైపు వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: ఆటోను రానూపోనూ ముందే మాట్లాడుకుని ఆరింటికల్లా అక్కడ ఉండండి. తొమ్మిది దాటితే బండలు కాలిపోతాయి, పిట్టలన్నీ పొదల లోపలికి వెళ్లిపోతాయి, తిరుగు ఆటో కూడా దొరకదు.