తూము దగ్గరా, బండ దగ్గరా?

ఈ మధ్య నా తలకాయ మీద నాకే నమ్మకం తగ్గింది. పోయిన నెల తాళంచెవి జేబులో పెట్టుకొని ఇల్లంతా వెతికినాను. అన్న కొడుకును వాళ్ల నాయన పేరుతో పిలిచినాను. అయినా నలభై ఏండ్లుగా రాస్తున్న డైరీలు బీరువాలో ఉన్నాయి గనక ధైర్యంగానే ఉన్నాను. తల మరిచినా కాగితం మరవదు కదా.

ఆ ధైర్యంతోనే, ఓర్వకల్లు అవతలి చెరువులో చేపలు పట్టడానికి బయలుదేరేటప్పుడు ఈ ఏటి డైరీతో పాటు, మేము పోయినసారి అక్కడికి పోయిన ఏటిదని పన్నెండేండ్ల కిందటి డైరీని కూడా సంచిలో వేసుకున్నాను. తోడు వచ్చింది నా స్నేహితుడు, బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. ఆదివారం ఆయనకు చర్చి. శనివారం మా ఇంట్లో నీసు ముట్టరు. అందుకని బుధవారం పెట్టుకున్నాం. స్కూటరు ఆయన నడిపినాడు. గాలం కర్రలు పట్టుకొని నేను వెనక కూచున్నాను.

కట్ట ఎక్కగానే నేను తూము వైపు నడిచినాను. ఆయన బండల వైపు నడిచినాడు.

“యాడికి పోతాండావప్పా? చేపలు ఈడ ఉంటే!”

“పోయినసారి కూచునింది తూము పక్కనే కదా.”

“తూము పక్కన మనం ఎప్పుడు కూచున్నాం?”

పాత డైరీ తీసి తేదీతో సహా చదివి వినిపించినాను. ‘ఉదయం ఆరు గంటలకు చెరువు చేరడమైనది. తూము పక్కన గాలములు వేయడమైనది.’

“చేపలెన్ని పడినాయో రాయలేదా?”

రాయలేదు. ఎందుకు రాయలేదో నాకూ తెలియలేదు.

“ఆ దినం ఒకటే వాన. మీ ఇంటి వరండాలో కూచొని పేకాడినాం. నువ్వు ఓడిపోయి మొగం మాడ్చుకున్నావు. ఈ చెరువుకు మనం వచ్చింది ఎండాకాలంలో. కూచునింది ఈ బండ మీద.”

ఎంత ఆలోచించినా నాకు తూమూ గుర్తు రాలేదు, వానా గుర్తు రాలేదు. ఇంటికి ఫోన్ చేసి తేదీ చెప్పి మా ఆమెను అడిగినాను.

“ఇద్దరికీ మతి పోయినాదా? ఆ దినం మా చెల్లెలి కూతురి పెండ్లి. ముగ్గురం ఆత్మకూరుకు పోయినాం. మీ స్నేహితుడు రెండుసార్లు పంక్తిలో కూచున్నాడు.”

ఆయన పక్కనుంచి విన్నాడు. “రెండుసార్లు తినింది నిజమే. పెండ్లి మాత్రం వేరే దినం.”

నేను పట్టు వదల్లేదు. డైరీ చెప్పినట్టు తూము పక్కనే రెండు గంటలు కూచున్నాం. గాలాలకు గుచ్చిన జొన్నపిండి ఉండలు కరిగిపోయినాయి గానీ నీళ్ల మీది బెండు కదల్లేదు. ఆ సంగతే రాద్దామని ఈ ఏటి డైరీ తెరిచినాను. ఆ బుధవారం పేజీ అప్పటికే నిండి ఉంది. నా చేతిరాతే. ‘ఉదయం ఆరు గంటలకు చెరువు చేరడమైనది.’

ఆయన నా భుజం మీదుగా చదివినాడు. “ఏమప్పా! ఆరుకు నువ్వింకా స్నానం చేస్తాండావు. నేను మీ గేటు కాడ హారన్ కొడ్తాండా.”

చెప్పక తప్పలేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు క్యాంపుకు పోయే ముందు సాయంత్రమే టూర్ డైరీ రాసిపెట్టుకునేవాడిని, రాసుకున్న ప్రకారం తిరిగి వచ్చేవాడిని. ఇంటి డైరీకీ అదే అలవాటైంది. రేపటి పేజీ ఈ పొద్దే రాస్తాను. అట్ల జరగకపోతే కొట్టేస్తాను. కొట్టేస్తాననే ఇన్నాళ్లూ అనుకున్నాను.

“ఎన్ని కొట్టేసినావో చూడు మరి.”

పాత డైరీని మొదటి నుంచి చివరిదాకా తిప్పినాను. ఒక్క కొట్టివేత లేదు. ఏడాది పొడుగునా అనుకున్న పని ఒక్కటీ తప్పిపోని మనిషి యాడైనా ఉంటాడా?

ఆయన కట్ట మీద వెల్లకిలా పడి నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు. నలభై డైరీలు. వాటిలో జరిగిన దినాలేవో, జరుగుతాయనుకున్న దినాలేవో ఇప్పుడు తేల్చేదెట్ల?

“తేల్చేది తర్వాత. లెయ్యప్పా, బండ కాడికి పోదాం.”

బండ దగ్గర అరగంటలో నా బెండు మునిగింది. లాగితే బొచ్చె చేప! ఆయన ఎగిరి గంతేసినాడు. “ఇప్పుడేమంటావు?”

“ఈ పొద్దు ఈడ చేప పడితే, ఆ పొద్దు ఈడ కూచున్నట్టు రుజువవుతాదా?”

“చేప పడినా ఏడుపేనా నీకు?”

ఈ ఏటి డైరీలో ఆ బుధవారం పేజీని అడ్డంగా కొట్టేసినాను. కింద జరిగింది జరిగినట్టు రాసినాను: ఎనిమిదికి పావు తక్కువకు చేరినాం, తూము దగ్గర ఏమీ పడలేదు, బండ దగ్గర ఒక బొచ్చె, సుమారు కిలో. పెన్ను ఆయనకు ఇచ్చినాను.

“నువ్వు సంతకం పెట్టు. రేపు నేను మరిచిపోయినా సాక్ష్యం ఉంటాది.”

ఆయన అద్దాలు పెట్టుకొని అక్షరం వదలకుండా చదివినాడు. “కిలోనా? రెండు కిలోలకు ఏం తక్కువ లేదు ఇది. కిలో అని ఉంటే నేను సంతకం పెట్టను.”

“తూకం వేయలేదు గదప్పా.”

“అందుకే చెప్తాండా.”

చేపను చేత్తో ఎత్తి చూసినాను. దించి, మళ్లీ ఎత్తినాను. నిజంగా నాకు తెలియలేదు. రెండు అని దిద్దినాను. ఆయన సంతకం పెట్టినాడు.